ట్రైనీ అన్నది ఒక్కటే మాట, ఒప్పందాలు మాత్రం మూడు

ఆఫర్ లెటర్ వచ్చిన రోజు ఇంట్లో అందరూ చదివేది మొదటి పేజీ. కంపెనీ పేరు, అబ్బాయి పేరు, దాని కింద ‘గ్రాడ్యుయేట్ ఇంజినీర్ ట్రైనీ’ అన్న హోదా, ఒక పెద్ద అంకె. టెక్కలిలో అయినా చీపురుపల్లిలో అయినా సాయంత్రానికల్లా వీధంతా తెలిసిపోతుంది. “ఉద్యోగం అయిపోనాదంట కదా బావూ, జీతం ఎంతేటి?” అని అడిగే పెద్దాయనకు చెప్పడానికి ఆ అంకె చాలు. అసలు సంగతులు మాత్రం నాలుగో పేజీలోనో, చివర పిన్ను కొట్టిన అనెక్జర్‌లోనో ఉంటాయి. శిక్షణ ఎన్నాళ్లు, ఆ తర్వాత పర్మినెంట్ చేస్తారా, చేయకపోతే ఏమిటి, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, ఏ ఊళ్లో వేస్తారు. ఆ పేజీ దాకా ఓపిగ్గా వెళ్లేవాళ్లు తక్కువ.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చదువుకుని పెద్ద కంపెనీలో మొదటి ఉద్యోగం తెచ్చుకునే పిల్లల్లో చాలామంది ఈ ట్రైనీ దారిలోనే వెళ్తారు. రాజాంలో జీఎంఆర్ఐటీ, చింతలవలసలో ఎంవీజీఆర్, టెక్కలిలో ఐతమ్, ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ, విజయనగరంలో జేఎన్టీయూ గురజాడ. ఏ క్యాంపస్‌కి ఏ కంపెనీ వచ్చినా కాగితం మీద హోదా ఇంచుమించు ఇదే. చిక్కు అక్కడే మొదలవుతుంది. ఒకదానికొకటి పొంతన లేని మూడు రకాల ఏర్పాట్లకు మన దగ్గర ఇదే మాట వాడేస్తున్నారు.

మొదటిది కంపెనీ రోల్ మీద, అంటే తన సొంత ఉద్యోగుల జాబితాలోకి, తీసుకునే ట్రైనీ. జీఈటీ (గ్రాడ్యుయేట్ ఇంజినీర్ ట్రైనీ), మేనేజ్‌మెంట్ ట్రైనీ, ఎగ్జిక్యూటివ్ ట్రైనీ అనేవి ఈ కోవలోవి. మొదటి రోజు నుంచే కంపెనీ ఉద్యోగి కిందే లెక్క. ఏడాదో, ఏడాదిన్నరో శిక్షణ అయ్యాక పర్మినెంట్ చేస్తూ కన్ఫర్మేషన్ లెటర్ ఇస్తారు. పీఎఫ్ కంపెనీ పేరు మీదే పడుతుంది.

రెండోది అప్రెంటిస్. ఇది 1961 నాటి అప్రెంటిసెస్ చట్టం కింద నడిచేది. విశాఖ ఉక్కు, హెచ్‌పీసీఎల్, షిప్‌యార్డ్ లాంటి చోట్ల ‘గ్రాడ్యుయేట్ అప్రెంటిస్’ అని పిలిచేది వీళ్లనే. 2019లో సవరించిన నిబంధనల్లో డిగ్రీవాళ్లకు కనీస స్టైపెండ్ నెలకు 9,000 రూపాయలుగా పెట్టారు. చట్టం దృష్టిలో అప్రెంటిస్ నేర్చుకునే మనిషే తప్ప కార్మికుడు కాడు. పీఎఫ్ ఉండదు. ముఖ్యంగా, గడువు అయ్యాక ఉద్యోగం ఇవ్వాలా వద్దా అన్నది చట్టమే యజమాని సొంత విధానానికి వదిలేసింది. అంతమాత్రాన దండగని కాదు. పెద్ద ప్లాంటులో ఏడాది తిరిగిన అనుభవం, చేతికి ఒక సర్టిఫికెట్ వస్తాయి. కానీ “స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం వచ్చింది” అని ఊళ్లో చెప్పుకుని, ఏడాది తర్వాత పెట్టె సర్దుకుని వచ్చినప్పుడు ఇంటిల్లిపాదికీ కలిగే చిన్నతనం ఆ మాట సరిగ్గా అర్థం కాకపోవడం వల్ల వచ్చిందే.

మూడోది కాంట్రాక్టర్ రోల్. గేటు మీద పెద్ద కంపెనీ బోర్డు ఉంటుంది, మెడలో ఐడీ కార్డు మీద ఇంకో చిన్న సంస్థ పేరు ఉంటుంది. లోపల చేసే పని అదే, తాగే టీ అదే క్యాంటీన్‌లో. జీతం మాత్రం మనుషుల్ని సరఫరా చేసే సంస్థ ఇస్తుంది. ఇంటర్వ్యూలో “ట్రైనీగా తీసుకుంటున్నాం, పనితీరు చూసి రోల్ మీదికి మారుస్తాం” అంటారు. మార్చినవాళ్లూ ఉన్నారు. ఆ మాట కాగితం మీద లేకపోతే దానికి గడువంటూ ఉండదు.

ఇవి కాక పీఎం ఇంటర్న్‌షిప్ పథకం ఒకటి 2024 అక్టోబరులో వచ్చింది. మొదలైనప్పుడు పెద్ద కంపెనీల్లో ఏడాది, నెలకు 5,000 రూపాయలు. అది ఇంటర్న్‌షిప్పే, ఉద్యోగం కాదు. పేరులోనే ఉంది కాబట్టి దాని గురించి పొరబడేవాళ్లు తక్కువ.

తేడా పట్టుకోవడం కష్టమేం కాదు. నియామక పత్రం మీద సంతకం పెట్టేది ఎవరు, జీతం వేసేది ఏ సంస్థ, పీఎఫ్ ఎవరి పేరు మీద జమ అవుతుంది? ఈ మూడూ అడిగితే ఎదుటివాళ్లు ఏమనుకుంటారోనని మొహమాటపడే పిల్లలే మన వైపు ఎక్కువ. హెచ్‌ఆర్ వాళ్లకు మాత్రం ఇవి రోజూ వినే ప్రశ్నలే.

ఇంతకీ పెద్ద కంపెనీలు అనుభవం ఉన్నవాళ్లను తెచ్చుకోకుండా, ఏమీ రానివాళ్లను తీసుకుని ఏడాదిపాటు జీతమిచ్చి ఎందుకు నేర్పుతాయి? ఈ పద్ధతి మన దేశంలో కొత్తదేం కాదు. జంషెడ్‌పూర్‌లో టాటా ఉక్కు కర్మాగారం 1921లోనే సొంతంగా టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టుకుంది. విదేశీ నిపుణుల మీద ఆధారపడడం తగ్గాలంటే ఇక్కడి చదువుకున్న కుర్రాళ్లకే కొలిమి దగ్గర పని నేర్పాలన్నది లెక్క. టాటా గ్రూపు 1956లో టాటా అడ్మినిస్ట్రేటివ్ సర్వీస్ మొదలుపెట్టింది. రకరకాల కంపెనీల్లో తిప్పి, రేపు వాటిని నడిపే మనుషుల్ని తయారుచేసుకోవాలన్నది దాని ఉద్దేశం. హిందుస్థాన్ లీవర్ అయితే తన మేనేజ్‌మెంట్ ట్రైనీలను ఉత్తరప్రదేశ్‌లోని ‘ఏటా’ అనే జిల్లా పల్లెల్లో కొన్ని వారాలు ఉంచేది. సబ్బు కొనే మనిషి ఎలా బతుకుతాడో తెలియకుండా సబ్బు అమ్మడం రాదని.

ఈ మూడు ఉదాహరణల్లోనూ ఉన్నది ఒక్కటే, మనిషిని ఒకచోట కూర్చోబెట్టకుండా తిప్పడం. దీన్నే రొటేషన్ అంటారు. ట్రైనీ పథకం మంచిదా కాదా అని తేల్చడానికి ప్యాకేజీ కన్నా, కంపెనీ పేరు కన్నా గట్టి గుర్తు ఇదే. మొదటి ఏడాదిలో నాలుగైదు విభాగాలు తిప్పుతున్నారంటే కంపెనీ ఆ మనిషి మీద డబ్బు పెడుతోంది. చేరిన మూడో రోజే ఒక యంత్రం దగ్గర నిలబెట్టి, ఏడాదంతా అదే షిఫ్టులో ఉంచేశారంటే అక్కడ శిక్షణ ఏమీ లేదు. తక్కువ జీతానికి దొరికిన ఆపరేటర్, అంతే. హోదా రెండు చోట్లా జీఈటీయే.

అది ఎలా ఉంటుందో చూడాలంటే పైడిభీమవరం దాకా వెళ్తే చాలు. రణస్థలం మండలంలో జాతీయ రహదారి పక్కన ఉన్న ఈ పారిశ్రామికవాడలో అరబిందో, డాక్టర్ రెడ్డీస్ లాంటి మందుల కంపెనీల ప్లాంట్లున్నాయి. బీఎస్సీ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన స్థానిక పిల్లలకు మొదటి ఉద్యోగం ఎక్కువగా ఈ రకం ప్లాంట్లలోనే. హోదా ‘ట్రైనీ కెమిస్ట్’. పొద్దుటి ‘ఏ’ షిఫ్టు అయితే తెల్లారకముందే కంపెనీ బస్సు కోసం రోడ్డు మీద నిలబడాలి. రాత్రి ‘సీ’ షిఫ్టు అయితే అందరూ పడుకునే వేళకు బయల్దేరాలి.

లోపలికి వెళ్లిన మొదటి వారం రోజులు మందు చేయడం ఉండదు. ఎస్‌ఓపీలు, అంటే ఏ పని ఎలా చేయాలో రాసిన కాగితాలు, చదవడం, చదివినట్టు సంతకాలు పెట్టడం. గౌను ఎలా వేసుకోవాలి, చేతులు ఎలా కడుక్కోవాలి, ఏ గదిలోకి ఏ చెప్పులతో వెళ్లాలి. ఆ తర్వాత రాయడం నేర్పుతారు. ఎమ్మెస్సీ చేసినవాడికి రాయడం నేర్పడమేమిటని మొదట్లో నామోషీగానే ఉంటుంది. ఒక విడత మందు ఎలా తయారైందో రాసే బ్యాచ్ రికార్డులో 98.4 అని రాయాల్సిన చోట 94.8 అని పడిందనుకుందాం. వైట్‌నర్ పూయకూడదు, దాని మీదే దిద్దకూడదు, కాగితం చించి కొత్తది రాయడం అయితే మహాపరాధం. పాత అంకె కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేసి, కారణం కూడా రాయాలి. రాయనిది జరగనట్టే లెక్క. జరగకముందే రాసిపెట్టడం దానికన్నా పెద్ద తప్పు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నుంచి తనిఖీకి వచ్చినవాళ్లు మొదట చూసేవాటిలో ఈ రికార్డులు ఉంటాయి. ఒక ప్లాంటు నుంచి అమెరికాకు సరుకు వెళ్లాలా ఆగాలా అన్నది కొన్నిసార్లు ఇలాంటి గీతల మీదే ఆధారపడుతుంది.

ఈ పద్ధతి వంటబట్టిన ట్రైనీ ఏ మందుల కంపెనీకి వెళ్లినా పనికొస్తాడు. అయితే ఇక్కడే రెండు దారులున్నాయి. ప్రొడక్షన్‌లో నాలుగు నెలలు, క్వాలిటీ కంట్రోల్‌లో హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్ష యంత్రం దగ్గర నాలుగు నెలలు, క్వాలిటీ అస్యూరెన్స్ (క్యూఏ)లో మిగతాది అలా తిరిగినవాడికి మందు తయారయ్యే రియాక్టర్‌లో ఏదైనా తేడా వస్తే అది ల్యాబ్ రిపోర్టులో ఎలా కనబడుతుందో తెలుస్తుంది. ఏడాదంతా ఒకే బ్లాకులో ఒకే ఉత్పత్తి మీద ఉన్నవాడికి ఆ ఒక్క ఉత్పత్తే తెలుస్తుంది. రెండేళ్ల తర్వాత ఇంకో కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్తే ఈ తేడా పది నిమిషాల్లో బయటపడుతుంది. ఇంజినీరింగ్ వైపూ ఇంతే. గరివిడి, బొబ్బిలి ప్రాంతాల ఫెర్రో అల్లాయ్స్ (ఉక్కులో కలిపే మిశ్రమ లోహాలు) ఫర్నేసుల దగ్గర చేరిన ఎలక్ట్రికల్ కుర్రాడు ట్రాన్స్‌ఫార్మర్ యార్డు, ఫర్నేసు, మెయింటెనెన్స్ స్టోర్స్ మూడూ చూస్తే ఒక లెక్క, కంట్రోల్ రూమ్‌లో రీడింగులు మాత్రమే రాస్తూ కూర్చుంటే ఒక లెక్క.

కాబట్టి ఇంటర్వ్యూ చివర్లో “మీరేమైనా అడుగుతారా?” అన్నప్పుడు అడగదగ్గ ప్రశ్న ఒకటుంది: పోయినేడాది చేరిన ట్రైనీలు ఇప్పుడు ఏ విభాగాల్లో ఉన్నారు? దీనికి గబుక్కున జవాబు వస్తే మంచిదే. నసిగితే అదీ జవాబే.

ఇక డబ్బు. ప్యాకేజీ 4 లక్షల 20 వేలు అని లెటర్‌లో ఉందనుకుందాం. ఇంట్లో వెంటనే పన్నెండుతో భాగిస్తారు, నెలకు 35 వేలు. ఇది ఏ ఒక్క కంపెనీ లెక్కా కాదు, మామూలుగా కనబడే తీరులో వేసుకున్న ఉదాహరణ. అందులో 50 వేలు రిటెన్షన్ బోనస్, ఏడాది నిండితేనే ఇస్తారు. బస్సు, క్యాంటీన్, ఇన్సూరెన్స్ కింద 24 వేలు, అవి చేతికి రావు. నెలకు 17,500 బేసిక్ మీద గ్రాట్యుటీ 4.81 శాతం చొప్పున ఏడాదికి సుమారు 10,100, మధ్యలో మానేసే ట్రైనీకి చాలావరకు అందని సొమ్ము. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, 15 వేల పరిమితి మీద 12 శాతం, నెలకు 1,800 చొప్పున 21,600. ఇవన్నీ తీసేస్తే నెలకు మిగిలేది సుమారు 26,200. అందులోంచి ఉద్యోగి వాటా పీఎఫ్ ఇంకో 1,800, వృత్తి పన్ను 200 పోతే చేతికొచ్చేది 24,200. పీఎఫ్ ఎటూ పోదు, అది మన డబ్బే. కానీ విజయనగరంలో నాన్నకు చెప్పిన 35కీ, చెన్నై దగ్గర శ్రీపెరంబుదూరులో ఏటీఎం చూపించే 24కీ మధ్య పదకొండు వేల తేడా. మొదటి నెల “ఇంటికి పది వేలు పంపుతా నాన్నా” అని మాటిచ్చినవాడికి రూము అద్దె, మెస్ బిల్లు కట్టాక టెన్షన్ మొదలవుతుంది. ఇందులో మోసం లేదు, అంతా అనెక్జర్‌లో ఉన్నదే. సీటీసీ అంటే కంపెనీకి అయ్యే ఖర్చు. జీతం అంటే మనకొచ్చేది. ఈ రెండూ ఒకటని ఏ కంపెనీ ఎక్కడా రాయలేదు, మనమే అనుకుంటాం.

బాండు సంగతి ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. శిక్షణ మీద పెట్టిన ఖర్చు తిరిగి రాకముందే మనిషి వెళ్లిపోతాడన్న భయం కంపెనీది. ఏడాదిన్నర, రెండేళ్లు కాగానే మంచి ట్రైనీలకు బయట నుంచి ఫోన్లు మొదలవుతాయి. అందుకే రెండేళ్లో మూడేళ్లో పనిచేయాలి, లేకపోతే ఇంత కట్టాలి అని రాయించుకుంటారు. “అవన్నీ కోర్టులో చెల్లవురా, సంతకం పెట్టీ” అని సీనియర్లు ధైర్యం చెబుతుంటారు. ఆ ధైర్యం సగమే నిజం. మనిషిని బలవంతంగా పనిలో ఉంచలేరు, ఏ కోర్టూ అలా చెప్పదు. డబ్బు విషయం వేరు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం మీరినప్పుడు అందులో రాసిన మొత్తానికి మించకుండా న్యాయమైన పరిహారం ఇప్పించవచ్చు. 2025 మే 14న సుప్రీంకోర్టు విజయా బ్యాంకు కేసులో ఇంకాస్త తేటగా చెప్పింది. మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతును అక్కడి అధికారి ఒకరు సవాలు చేశారు. హైకోర్టులో నెగ్గారు, సుప్రీంకోర్టులో మాత్రం బ్యాంకే గెలిచింది. ఉద్యోగంలో ఉండగా వర్తించే ఇలాంటి షరతు వృత్తి స్వేచ్ఛను అడ్డుకోవడం కిందికి రాదని, ప్రభుత్వ బ్యాంకు ప్రకటన ఇచ్చి, పరీక్ష పెట్టి మళ్లీ మనిషిని తెచ్చుకోవడానికి ఖర్చు అవుతుందని కోర్టు అంది. ప్రతి ప్రైవేటు బాండుకూ ఇది అచ్చంగా అలాగే వర్తిస్తుందని అనలేం. మొత్తం ఎంత, శిక్షణ నిజంగా ఇచ్చారా, జీతానికి ఆ మొత్తానికి పొంతన ఉందా అన్నవి చూస్తారు. బాండ్లేవీ చెల్లవని కొట్టిపారేసే రోజులు మాత్రం పోయాయి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు కంపెనీ దగ్గర పెట్టమంటే ఆలోచించాలి. చూపించి తెచ్చుకోవడం వేరు, వదిలిరావడం వేరు. ఇక ట్రైనీ పోస్టుకి డిపాజిట్ కట్టమనే కన్సల్టెన్సీల దగ్గరైతే ఆలోచించాల్సింది కూడా ఏమీ లేదు, లేచి వచ్చేయడమే.

శిక్షణలో ఫెయిల్ కావడం గురించి కాలేజీల్లో ఎవరూ మాట్లాడరు. క్యాంపస్‌లో ఎంపికైతే పరీక్షలన్నీ అయిపోయినట్టే అన్న నమ్మకం గట్టిగా ఉంది. 2025 ఫిబ్రవరిలో ఇన్ఫోసిస్ మైసూరు క్యాంపస్‌లో మూడు అవకాశాల్లోనూ అంతర్గత పరీక్ష గట్టెక్కలేదని మూడు వందల మందికి పైగా ట్రైనీలను పంపించేసినప్పుడు దేశమంతా గొడవైంది. ఆఫర్ వచ్చాక చేరడానికే చాలాకాలం ఎదురుచూసినవాళ్లు వాళ్లలో ఉండటం మరీ బాధాకరం. అలా పంపడం న్యాయమా కాదా అన్న చర్చ ఒకవైపు ఉండగా, పరీక్ష నెగ్గకపోతే తీసేయవచ్చన్న షరతు తమ లెటర్‌లో ఉందని కంపెనీ చూపించింది. మళ్లీ అదే, లోపలి పేజీ.

ప్రభుత్వ రంగం వైపు దారి వేరుగా ఉంటుంది. ఎన్టీపీసీ లాంటి సంస్థలు ఇంజినీర్లను గేట్ పరీక్ష స్కోరు చూసి ఎగ్జిక్యూటివ్ ట్రైనీలుగా తీసుకుంటాయి. మొదటి స్కేలే 40,000 నుంచి 1,40,000 దాకా, పైన డీఏ, అలవెన్సులు. అందుకే మన దగ్గర ఇంజినీరింగ్ అయ్యాక ఒకటి రెండేళ్లు ఇంట్లో కూర్చుని గేట్ రాసేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. పరవాడ దగ్గర సింహాద్రి ప్లాంటు కళ్లెదుటే ఉంది కాబట్టి అక్కడే పోస్టింగు వస్తుందని ఇంట్లోవాళ్ల ఆశ. ఎన్టీపీసీ ప్లాంట్లు ఉత్తరప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, బిహార్‌లలోనూ ఉన్నాయి. మొదటి పోస్టింగు ఎక్కడన్నది అభ్యర్థి చేతిలో ఉండదు.

దూరం అన్నది ఈ రెండు జిల్లాల్లో చిన్న విషయం కాదు. ఇక్కడి నుంచి వలస తరతరాలుగా ఉంది. కూలికి, చేపల వేటకు గుజరాత్ తీరం దాకా వెళ్లిన కుటుంబాల్లో చదువుకున్న మొదటి పిల్లవాడు కూడా మళ్లీ ఆమదాలవలసలో రైలెక్కాల్సి వస్తే ఇంట్లో ఆడవాళ్లకు మింగుడుపడదు. “ఇన్నేసి డబ్బులు పోసి చదివించినది దూరం ఎల్లడానికేటి?” అన్న మాటలో అన్యాయమేం లేదు. అందుకే జామ్‌నగర్ రిఫైనరీలోనో పుణె దగ్గరో మంచి రొటేషన్ ఉన్న జీఈటీని వదులుకుని, ఇంటికి బస్సు దూరంలో కాంట్రాక్టర్ రోల్ మీద చేరేవాళ్లు కనబడతారు. అమ్మాయిల విషయంలో ఇంకా ఎక్కువ. సీ షిఫ్టు, ఊరికి దూరంగా హాస్టల్ అనగానే చర్చ అక్కడితో ముగుస్తుంది. భోగాపురంలో జీఎంఆర్ చేపట్టిన విమానాశ్రయం చుట్టూ ఉద్యోగాలు పెరిగితే ఈ లెక్క కొంత మారవచ్చు. ఎలాంటి ఉద్యోగాలు వస్తాయి, అవి ఎవరి రోల్ మీద ఉంటాయన్నది అప్పుడు చూడాల్సిందే.

తూకం వేస్తే, దూరమైనా సరే రోల్ మీద, రొటేషన్‌తో ఉన్న ఏడాదే ఎక్కువ బరువు తూగుతుంది. అది అయ్యాక ఇంటి దగ్గరికి రావడానికి చేతిలో ఒక ధర ఉంటుంది. ముందే దగ్గర్లో చేరి ఒకే మూల ఉండిపోయినవాడికి బయటికి వెళ్లడానికి ఆ ధర ఉండదు. ఇంట్లో మంచం పట్టిన మనిషి ఉన్నప్పుడు మాత్రం ఈ లెక్కలేవీ పనిచేయవు. అది వేరే సంగతి.

ఏడాది చివర కన్ఫర్మేషన్ ప్యానెల్ పిలుస్తుంది. ముగ్గురో నలుగురో కూర్చుంటారు, మొదటి ప్రశ్న దాదాపు ఎక్కడైనా ఒకటే: ఈ ఏడాది ఏం చేశావు? పన్నెండు నెలల పని పది నిమిషాల్లో చెప్పాలి. ఏ పంపు ఎందుకు పదేపదే ఆగిపోయేదో, దానికి ఏం చేశారో తేదీతో సహా నోట్‌బుక్‌లో రాసుకున్నవాడు గబగబా చెప్పుకుపోతాడు. రాసుకోనివాడు “అన్నీ నేర్చుకున్నాను సార్” అంటాడు. ఆ తర్వాత వచ్చే లెటర్‌లో ‘ట్రైనీ’ అన్న మాట పోతుంది, జీతం కాస్త పెరుగుతుంది, మానేసే ముందు ఇవ్వాల్సిన నోటీసు పీరియడ్ చాలాచోట్ల నెల నుంచి మూడు నెలలకు మారుతుంది. ఆ చివరిది ఎప్పట్లాగే లోపలి పేజీలో ఉంటుంది.